దొరుకుతాడా, మారతాడా? క్రైస్తవ సస్పెన్స్ నవల ఎంచుకునే ముందు

క్రైస్తవ సస్పెన్స్ నవల ఏదైనా రెండు ప్రశ్నల మీద నడుస్తుంది. మొదటిది మామూలు డిటెక్టివ్ నవలలో ఉండేదే: దొరుకుతాడా? తప్పించుకుంటాడా, బతుకుతాడా అనేవన్నీ దీని కిందికే వస్తాయి. రెండోది: మారతాడా? ఈ రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి ఎంత గట్టిగా ముడిపడ్డాయన్నదాన్ని బట్టే పుస్తకం మీ చేతిలో నిలుస్తుంది, లేదా సగంలో అటకెక్కుతుంది. అట్ట మీద చీకటి, వర్షం, పరిగెత్తే మనిషి బొమ్మ అన్నిటికీ ఉంటాయి. లోపలి సరుకు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనంత వేరు.

పోలికకు ఒక కొలబద్ద కావాలి. దొస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష' (1866) అందుకు బాగా పనికొస్తుంది. ఆరు భాగాలు, చివర ఒక ఉపసంహారం. హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది. ఎవరు చేశారో పాఠకుడు పక్కన నిలబడి చూస్తాడు. అయినా మిగతా ఐదు భాగాలూ ఊపిరి బిగబట్టి చదువుతాం, ఎందుకంటే హంతకుడు రస్కోల్నికోవ్‌కి దొరికిపోవడమూ మారడమూ ఒకటే పని: నోరు తెరిచి ఒప్పుకోవడం. నాలుగో భాగంలో సోన్యా అనే అమ్మాయి చేత అతను, చనిపోయిన లాజరును యేసు లేపిన అధ్యాయం, యోహాను 11, చదివించుకుంటాడు. చిన్న గది, కొవ్వొత్తి, వణుకుతున్న గొంతు. బైబిలు చదివే ఘట్టం కదా, కథ కాసేపు ఆగిందిలే అనుకుంటాం. ఆ అధ్యాయం చివరికి వచ్చాకగానీ తెలియదు, మూసి ఉన్న తలుపు అవతల ఒకడు నిలబడి మొత్తం విన్నాడని. వాక్యం చదివే చోటే ఉచ్చు కూడా బిగుసుకుంటుంది. ఈ రకం నవలకు ఇంతకు మించిన పనితనం అక్కర్లేదు.

దీన్నిబట్టి ఏ నవలకైనా వాడుకోదగ్గ పరీక్ష ఒకటి ఉంది. మారుమనస్సు ఘట్టాన్ని మనసులో కొట్టేసి చూడండి. కథ అలాగే నడిచి అదే ముగింపుకు చేరితే ఆ ఘట్టం పైన అతికించింది. కథ కుప్పకూలిపోతే అది లోపల పుట్టింది. అతికించినవన్నీ చెత్త అని కాదు. సాయంత్రం రెండు గంటలు కాలక్షేపానికి, మనసు బరువెక్కకుండా చదువుకోవడానికి అవే హాయి. కాకపోతే 'విమోచన గురించి లోతైన నవల' అనుకుని కొని, ఇలా అతికించినది దొరికితే నిరాశ తప్పదు.

చిన్న కథలతో మొదలుపెట్టేవాళ్లకు

ఈ దారిలో మొదటి అడుగు వేసేవాళ్లకు నవల కన్నా చెస్టర్టన్ రాసిన, నేరాలు ఛేదించే పాదిరీ ఫాదర్ బ్రౌన్ కథలే మేలు. 'ది ఇన్నోసెన్స్ ఆఫ్ ఫాదర్ బ్రౌన్' (1911)లో 12 కథలున్నాయి. ఏదైనా ఒక పూటలో అయిపోతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఎక్కడపడితే అక్కడ తెరిచి చదవడం. ఫ్లాంబో అనే దొంగ మారిన కథ తెలియాలంటే 1, 3, 4, 5 కథలు అదే వరుసలో చదవాలి. మొదటి కథలో అతను పాదిరీ వేషంలో ఉన్న దొంగ. అయిదో కథకల్లా డిటెక్టివ్. మధ్యలోంచి పట్టుకుంటే అతనెప్పుడూ మంచివాడే అనుకుంటారు, సగం రసం పోతుంది.

నాలుగో కథ 'ది ఫ్లయింగ్ స్టార్స్' దగ్గరికి వెళ్లి చూడండి. అదే తన ఆఖరి నేరమని ఫ్లాంబో నోటే మొదటి వాక్యంలో చెప్పించేస్తాడు రచయిత. అంటే మారతాడా అన్న ప్రశ్నకు జవాబు ముందే చేతికిచ్చేశాడు. ఇక మిగిలింది ఎలా అన్నదే. క్రిస్మస్ పండగ రోజుల్లో ఒక ఇంట్లో వేషాల నాటకం. ఆ సందట్లో మూడు వజ్రాలు మాయం. దొంగ తోటలో చెట్టెక్కి కూర్చున్నాడు, కింద పొట్టి పాదిరీ. అతను పోలీసుల్ని పిలవడు, నరకాగ్ని గురించి కేకలు వేయడు. మంచితనంలో మనిషి ఒక మెట్టు మీద నిలబడగలడేమో గానీ చెడులో ఏ మెట్టు మీదా నిలవలేడు, దిగుతూనే ఉంటాడు అంటాడు. నీ బదులు ఇప్పటికే ఒక అమాయకుణ్ని అనుమానంగా చూస్తున్నారు, అతన్ని ప్రేమించే పిల్ల ఉంది అని కూడా చెబుతాడు. చెట్టు మీంచి వజ్రాలు పచ్చిక మీద పడతాయి. ఫ్లాంబో దొరకడు, మారతాడు. దొస్తోయెవ్‌స్కీకి సరిగ్గా తలకిందులు, కానీ ముడి అంతే గట్టిది.

కథోలిక ధోరణి, సువార్తిక ధోరణి

ఎంపికలో చాలామంది పట్టించుకోని, కానీ అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చే విషయం ఇది. కథోలిక నేపథ్యం ఉన్న నవలలో విమోచన సంస్కారాల గుండా వస్తుంది: పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపం ఒప్పుకోవడం), దివ్యబలిపూజ, వివాహం. గురువు, అంటే పాదిరీ, విన్న పాపం బయటికి చెప్పకూడదు కాబట్టి ఆ కట్టుబాటే ఉత్కంఠకు ముడిసరుకు. సువార్తిక (ఇవాంజెలికల్) నవలలో విమోచన అంటే ఒక మనిషి ఒంటరిగా మోకాళ్ల మీద పడి చేసే ప్రార్థన, ఆ తర్వాత మారిన బతుకు. మొదటిదానికి అలవాటుపడ్డవాళ్లకు రెండోది మరీ సులువుగా అనిపిస్తుంది. రెండోదానికి అలవాటుపడ్డవాళ్లకు మొదటిదాంట్లో రక్షణ నిశ్చయతే కనబడదు, పుస్తకం మూశాక కలవరం మిగులుతుంది. ఇది రచయిత లోపం కాదు. వేదాంతమే వేరు.

గ్రాహం గ్రీన్ 'బ్రైటన్ రాక్' (1938) కథోలిక వైపు బాగా ముదిరిన ఉదాహరణ. 17 ఏళ్ల పింకీ ముఠా నాయకుడు. అతనికి ఉరి వేయించగల సాక్ష్యం రోజ్ అనే 16 ఏళ్ల పిల్ల దగ్గర ఉంది. భార్య చేత భర్తకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించలేరు కాబట్టి పెళ్లి చేసుకుంటే తప్పించుకోవచ్చు. కానీ అది గుడిలో కాదు, రిజిస్టరు ఆఫీసులో జరగాల్సిన పెళ్లి. ఇద్దరూ కథోలికులే, అది చావైన పాపమని ఇద్దరికీ తెలుసు. చట్టం నుంచి తప్పించే దారే ఆత్మను పోగొట్టే దారి. రెండు ప్రశ్నల్నీ ఇంత కర్కశంగా ముడేసిన నవల మరొకటి దొరకడం కష్టం. ముగింపు ఓదార్చదు. కుంగి ఉన్న మనిషికి ఈ పుస్తకం ఇవ్వకండి. అదే రచయిత 'ది పవర్ అండ్ ది గ్లోరీ' (1940) కొంచెం మెత్తన. 1930ల మెక్సికోలో చర్చిని నిషేధించిన రాష్ట్రంలో తాగుబోతు గురువొకడు, అతని వెంట పడ్డ పోలీసు లెఫ్టినెంటు. ఇద్దరికీ పేర్లుండవు. గురువు పారిపోతూ కూడా ఎక్కడ చావుబతుకుల్లో ఉన్నవాళ్లు పిలిస్తే అక్కడికి వెళ్లాల్సిందే కనక, అతన్ని పట్టించగలిగేది అతని విశ్వాసమే. గ్రీన్‌తో మొదలుపెట్టాలనుకుంటే దీనితోనే మొదలుపెట్టాలి.

దయ్యాలు, దూతలు

సువార్తిక పక్షాన ఈ రకాన్ని జనంలోకి తెచ్చింది ఫ్రాంక్ పెరెటీ 'దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్' (1986). పేరు ఎఫెసీయులకు 6:12 నుంచి తీసుకున్నదే. తెలుగు బైబిల్లో 'ప్రస్తుత అంధకార' అన్న మాట అక్కడ కనిపిస్తుంది. ఆష్టన్ అనే చిన్న ఊరు, ఒక పాస్టరు, ఒక పత్రికా సంపాదకుడు. పైన కంటికి కనబడని దూతలకూ దయ్యాలకూ కత్తి యుద్ధం. కథకు ఇంధనం ప్రార్థన: మనుషులు ప్రార్థిస్తే దూతలకు బలం వస్తుంది, మానేస్తే చేతులు కట్టేసినట్టవుతుంది. దీంతో ప్రార్థన ఘట్టం ఆటోమేటిగ్గా ఉత్కంఠ ఘట్టం అయిపోతుంది, అది తెలివైన ఏర్పాటు. చిక్కెక్కడంటే, మనిషి చేసే ప్రతి తప్పు వెనకా ఒక దయ్యం పేరు పెట్టేసరికి 'మారతాడా' అన్న ప్రశ్న పలచబడుతుంది. దయ్యం పోతే మనిషి బాగుపడ్డట్టే కదా. ఇది కల్పన అని మరిచిపోయి సిద్ధాంతంలా చదివితే ఇంట్లో కోపిష్టి మనిషి మీద కూడా దయ్యం ముద్ర పడే ప్రమాదం ఉంది. చిన్న వయసు పాఠకులకిస్తే ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. 'పియర్సింగ్ ది డార్క్‌నెస్' (1989) దీని తరవాతిది, వరుసలోనే చదవాలి.

అదే పెరెటీ 'ది ఓత్' (1995) నా లెక్కలో అంతకన్నా మంచి నవల. హైడ్ రివర్ అనే గనుల ఊళ్లో పాపం నిజంగానే ఒక మృగం. పాపానికి లొంగినవాళ్ల గుండె మీద నల్లటి మచ్చ పుట్టి చీము కారుతుంది. మచ్చ కనబడగానే బొత్తాలు పైదాకా పెట్టుకుని తిరిగే మనుషులున్న ఊరన్నమాట. ఇక్కడ పాపం బయటినుంచి వచ్చి వాలదు, లోపలినుంచి పైకి వస్తుంది. అందుకే రెండు ప్రశ్నలూ మళ్లీ ఒకటవుతాయి. భయానకం పాళ్లు ఎక్కువే, వివాహేతర సంబంధం కథలో భాగం. పదిహేనేళ్ల లోపు పిల్లలకు వద్దు.

పెరెటీ నచ్చినవాళ్లను సాధారణంగా టెడ్ డెక్కర్ వైపు పంపిస్తారు. సగమే సరైన సలహా. డెక్కర్ దయ్యాల కన్నా మనిషి బుర్ర మీద ఎక్కువ ఆడతాడు. 'త్రీ' (2003)లో కెవిన్ అనే వేదాంత విద్యార్థికి కారులో వెళ్తుండగా ఫోను వస్తుంది: నీ పాపం ఒప్పుకో, మూడు నిమిషాలు టైము, లేకపోతే కారు పేలిపోతుంది. పాపపు ఒప్పుకోలునే బాంబుకు టైమరుగా బిగించాడు. ఎవరి దగ్గరా ఒక్క ముక్క కూడా వినకుండా చదవాల్సిన పుస్తకం ఇది, వెనక అట్ట తప్ప ఇంటర్నెట్‌లో ఏదీ వెతకొద్దు. పాత ముద్రణల మీద ఇంగ్లీషు పేరులో ఒక అక్షరం బదులు 3 అంకె వేశారు, రెండూ ఒకే పుస్తకం. చూసుకోకపోతే రెండుసార్లు కొంటారు.

తుపాకీలు, కుటుంబాలు, ప్రేమ

అమ్మకాల్లో పెద్ద భాగం రొమాంటిక్ సస్పెన్స్‌ది. డీ హెండర్సన్ ఓ'మాలీ వరుస దీనికి మంచి నమూనా. అనాథాశ్రమంలో పెరిగిన ఏడుగురు ఒకరినొకరు తోబుట్టువులుగా ఎంచుకుని ఒకే ఇంటిపేరు పెట్టుకుంటారు. పుస్తకానికి ఒకరి కథ. 'ది నెగోషియేటర్' (2000)లో బందీల విడుదలకు బేరాలాడే పోలీసు అధికారిణి కేట్. ఇక్కడ నేరం ఒక పట్టా మీద, విశ్వాసం మరో పట్టా మీద పక్కపక్కనే నడుస్తాయి, కలుసుకునేది తక్కువ. దేవుడు న్యాయం చేస్తాడా అని కేట్ అడిగే ప్రశ్నలు మాత్రం ఆమె ఉద్యోగంలోంచే పుడతాయి కాబట్టి అతుకు అంతగా కనబడదు. ఈ వరుసకు ముందు జరిగిన కథగా 'డేంజర్ ఇన్ ది షాడోస్' (1999) ఉంది. అది వదిలేసినా నష్టం లేదు, కానీ మిగతా ఆరూ వరుస తప్పితే చెల్లెలి జబ్బు సంగతి ముందే తెలిసిపోతుంది.

ఇదే కోవలో నెలనెలా వచ్చే లవ్ ఇన్‌స్పైర్డ్ సస్పెన్స్ పుస్తకాలు సుమారు 55,000 మాటల కొలతకు రాసినవి. బూతు ఉండదు, పడకగది ఉండదు, హింస తెర వెనకే. మొదటి అధ్యాయంలోనే దాడి, చివర పెళ్లి ఖాయం. ప్రయాణానికి సరిపోతాయి. విమోచన కోసం వీటిని తెరవకండి, అది వాటి పని కాదు.

టెర్రి బ్లాక్‌స్టాక్ ప్రేమ పాళ్లు తగ్గించి ఇంటి బాధ మీద నిలబడుతుంది. 'ఇంటర్వెన్షన్' (2009)లో మత్తుకు బానిసైన కూతుర్ని చికిత్సకు పంపుతుంది తల్లి. వెంట తీసుకెళ్లిన మనిషి హత్యకు గురై, పిల్ల కనబడకుండా పోతుంది. కూతురు బతికి ఉందా అన్నదీ, ఉంటే అదే కూతురా అన్నదీ తల్లికి రెండూ ఒకే దిగులు. వ్యసనంతో వేగుతున్న ఇళ్లలో చదవడానికి ఇది సరైనది, ఎందుకంటే ఒక్క ప్రార్థనతో అన్నీ సర్దుకున్నట్టు చూపించదు. ఆమెదే 'ఇఫ్ ఐ రన్' (2016) పరుగుపందెం లాంటి పుస్తకం. స్నేహితుడి హత్య కేసులో ఆధారాలన్నీ తనవైపే చూపిస్తుండగా పారిపోయే అమ్మాయి, ఆమెను వెతికే మాజీ సైనికుడు. 'ఇఫ్ ఐయామ్ ఫౌండ్' (2017), 'ఇఫ్ ఐ లివ్' (2018)తో కలిపితేనే కథ పూర్తవుతుంది. మొదటిదొక్కటే కొంటే అర్ధరాత్రి మెట్ల మీద కూర్చోబెట్టి వదిలేసినట్టుంటుంది.

కోర్టు కథలు ఇష్టమైతే స్వయంగా లాయరైన రాండీ సింగర్ 'డైరెక్టెడ్ వెర్డిక్ట్' (2002) చూడండి. వాదప్రతివాదాల పనితనం బాగుంటుంది. వరుస హత్యల పరిశోధన కావాలంటే స్టీవెన్ జేమ్స్ 'ది పాన్' (2007) నుంచి మొదలు. క్రైస్తవ ప్రచురణ కదా అని మెత్తగా ఉంటుందనుకోవద్దు, రక్తం బాగానే కనబడుతుంది.

'లెఫ్ట్ బిహైండ్' (1995) వరుస విషయంలో రెండే హెచ్చరికలు. మొత్తం 16 పుస్తకాలు: ముఖ్యకథ 12, ముందు కథ 3, తరవాతది 1. ఒకటి చదివి ఆపడం కష్టం. రెండో హెచ్చరిక: లోకాంతపు శ్రమకాలానికి ముందే సంఘం పరలోకానికి ఎత్తబడుతుందన్న ఒక్క బోధ మీదే కథంతా కట్టారు. ఆ బోధను ఒప్పుకోని సంఘాలు చాలా ఉన్నాయి. గుంపుగా చదివితే కథ పక్కకు పోయి దానియేలు, ప్రకటన గ్రంథాల మీద వాదనే మిగులుతుంది.

కొనే ముందు ఇరవై నిమిషాలు

నమూనా పేజీలు దొరికితే మొదటి ప్రార్థన ఎక్కడొస్తుందో చూడండి. ఆ ప్రార్థన ముగిసిన పేజీలోనే తాళం ఊడిందనుకోండి, మిగతా పుస్తకమంతా అంతే. ప్రమాదం వచ్చినప్పుడల్లా అద్భుతం వస్తుందని తెలిశాక ఇక భయమేముంది? ప్రార్థనకు జవాబు ఆలస్యమైనా, అడిగింది కాక వేరేది వచ్చినా, ఆ రచయిత ఉత్కంఠ తెలిసినవాడే.

తర్వాత సంభాషణలు. ఒక పాత్ర ఆగకుండా అరపేజీ దాటి వాక్యాలు చెబుతూ, ఎదుటివాడు 'అవునా?' అని మాత్రమే అంటుంటే అది ప్రసంగం, పానకంలో పుడక. అవిశ్వాసి పాత్ర దగ్గర గట్టి వాదన ఉందో లేదో చూస్తే చాలు. 'ది బ్లూ క్రాస్' అనే మొదటి కథలో ఫాదర్ బ్రౌన్ దొంగ పాదిరీని పట్టేసింది, అతను తర్కబుద్ధిని చిన్నబుచ్చినందుకే, అది చెడ్డ వేదాంతమని.

అన్నిటికన్నా పెద్ద లోపం చౌక విమోచన. ముగ్గుర్ని చంపినవాడు ఆఖరి అధ్యాయంలో ఏడ్చేస్తే చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు కూడా వచ్చి కౌగిలించుకునే నవలలు కోకొల్లలు. దీనికి బైబిల్లోని జక్కయ్యే కొలత: మారానని ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. నవలలో మారినవాడు ఏం చెల్లించాడు? జైలా, పరువా, ప్రాణమా? బాధితుడికి ఒక్క పేజీ అయినా సొంత గొంతుందా? ఈ రెండూ లేని నవలను సమీక్షలు ఎంత మెచ్చుకున్నా నమ్మొద్దు.

వెబ్‌సైట్లలో విభాగాల పేర్లు కూడా తికమక పెడతాయి. 'ఇన్‌స్పిరేషనల్' అంటే ప్రచురణవాళ్ల వాడుకలో దాదాపుగా క్రైస్తవ విశ్వాసం ఉన్న కథ. 'క్లీన్' అంటే బూతూ శృంగారమూ లేవనే అర్థం, దేవుడి ప్రసక్తి ఉండాలని లేదు. జల్లెడ కావాలంటే 2000 నుంచి ఇస్తున్న క్రిస్టీ అవార్డుల జాబితా మెరుగు, అందులో సస్పెన్స్ రకానికి ప్రత్యేక విభాగం ఉంది. 'త్రీ', 'డైరెక్టెడ్ వెర్డిక్ట్' రెండూ ఆ బహుమతి పొందినవే.

విశ్వాసం లేని స్నేహితుడికి బహుమతిగా ఇవ్వాలంటే ఫాదర్ బ్రౌన్ లేదా గ్రీన్, మరొకటి వద్దు. మిగతావాటిలో మతంలోకి లాగే వల ఉందని మొదటి ముప్పై పేజీల్లోనే కనిపెట్టేస్తాడు. సంఘంలో నలుగురు కలిసి చదవడానికి 'ఇంటర్వెన్షన్' బాగుంటుంది, నాలుగు వారాలు పెట్టుకోండి, ముగింపు వారం వరకూ ఎవరూ ముందుకెళ్లకూడదన్న షరతుతో. డెక్కర్ సర్కిల్ వరుసకు దిగేవాళ్లు 'బ్లాక్', 'రెడ్', 'వైట్' (మూడూ 2004) చదివాకే 'గ్రీన్' (2009) పట్టుకోండి. దాని మీద సున్నా నంబరు వేసి ముందైనా తర్వాతైనా చదవొచ్చన్నారు గానీ, ముందు చదివితే ఎవరు ఎవరో అర్థంకాక యాభై పేజీలు వెనక్కి తిప్పుకోవాల్సి వస్తుంది.